కట్ట కింది మగ్గం

మా ఆఫీసులో మంచినీళ్ల కుండ మా గదిలో ఉండేది, గ్లాసు పక్క గదిలో ఉండేది. మాది రోడ్ల ఆఫీసు. పక్కది ఊరి స్థలాలు చూసే సమితి ఆఫీసు. దాహమేస్తే ఎవరో ఒకరు లేవాలి. ఎవరూ లేచేవారు కాదు. లక్సెట్టిపేట ఎండల్లో ఇది మరీ చిన్న ఇబ్బందేమీ కాదు.

అప్పుడు నేను ఆ రోడ్ల ఆఫీసులో సూపర్‌వైజర్ని. పెద్ద రోడ్డు వేస్తున్నాం. అడ్డమొచ్చిన నేతవాళ్ల ఇళ్లు తీసేస్తే, సమితివాళ్లు ఊరవతల వాళ్లకు స్థలాలిచ్చారు. గోదావరి వరద అందకుండా మేం రోడ్డును రెండు నిలువుల కట్ట మీదికెత్తాం. ఆ కట్ట సరిగ్గా ఆ స్థలాల ముందునుంచే పోయింది. మా నక్షాలో అక్కడ బీడుంది. వాళ్ల నక్షాలో రోడ్డు నేలమీదుంది. రెండూ చక్కగా గీసిన నక్షాలే.

చివరింటి నేతగాడు ప్రతి సోమవారం మా వరండాలోకి వచ్చేవాడు. బండి దిగేంత దారి కావాలతనికి. నూలు మూట నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కి దిగుతున్నాడు.

“వానలు పడెలోపట దారి పెట్టిస్తే ఉంటం సారూ. లేకుంటే మగ్గం ఇప్పుకొని షోలాపూర్ మిల్లులకు పోతం.”

“జర ఓపిక పట్టవయ్యా.”

“ఓపికున్నది సారూ. బండే వస్తలేదు.”

మా ఇంజనీరు గారినడిగాను. “కింద బాట ఉంటే కట్ట మీంచి బండి దిగేలా దిగుడు ఇస్తామయ్యా. బాటేదీ?” అన్నారు.

సమితి అధికారినడిగాను. “మీరు దిగుడు ఇయ్యుండ్రి, మేం బాట ఏస్తం. ముందుగాల దిగుడేది?” అన్నాడు.

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క గోడ. ఎండాకాలమంతా ఆ గోడకు అటూ ఇటూ తిరిగి బతిమాలాను. పోయినప్పుడల్లా గ్లాసు దొరికేది, అంతవరకు లాభమే.

వాన ముందే వచ్చింది. కట్ట వెనక నీళ్లు పోయే మోరీ కూడా లేదు. ఆ సోమవారం నేతగాడు రాలేదు. వస్తే విసుక్కునేవాణ్ణి, రాకపోతే కూర్చోలేకపోయాను. ఇద్దరు అధికారుల కాళ్లావేళ్లా పడి ఒక మాట సంపాదించి, గొడుగేసుకుని బయల్దేరాను. కట్ట చాలావరకు కూర్చునే దిగాను.

ఇంట్లో, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట అంచులదాకా నీళ్లతో నిండి ఉంది. మగ్గం మీది పడుగు దారాలు కోసి పక్కన పడేశారు. మొగుడూ పెళ్లాం మగ్గం విప్పుతున్నారు.

“ఆఫీసర్లిద్దరూ ఒప్పుకున్నారు. వానలు వెలిసినాక కలిసి చూడ్డానికొస్తారట” అన్నాను. ఆ మాట నా చెవికే బాగాలేదు.

నేతగాడు మగ్గానికి ఇంకో చీల ఊడగొట్టాడు. అతని పెళ్లాం బట్ట చుట్టే దూలాన్ని ఒకవైపు ఎత్తి, నావైపు చూసింది.

“గొడుగు పక్కన పెట్టి గా కొస పట్టు సారూ. కట్ట ఎక్కియ్యాలె.”