సైగలమ్మ నిజం చెప్పిన రోజు

బట్టల మిల్లు ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకు ఆవిడ కోచ్. చాటుగా అందరూ సైగలమ్మ అనేవాళ్లు. పరుగుకు చివరి మజిలీ అయిన మూడో బేస్ పక్కన నిలబడి చెవి రుద్దుకునేది, ముక్కు గోక్కునేది, జబ్బ తట్టుకునేది. అందులో ఒక్కటే అసలు సైగ, మిగతావన్నీ దొంగ వేషాలు. బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే ఎదుటి జట్టు క్యాచర్ దగ్గినా ఆవిడకు అనుమానమే. వాళ్లు మంచినీళ్లిస్తే వాసన చూసి గానీ తాగేది కాదు. ఇక నోరు తెరిచి ఏదైనా అరిచిందంటే, అది వాళ్లను బోల్తా కొట్టించడానికే.

ఆ రోజు సెమీఫైనల్ చివరికొచ్చింది. స్కోరు సమానం. మూడో బేస్ మీదున్న తమ పిల్ల బంతి కొట్టే చోటైన హోమ్‌కు చేరితే ఫైనల్, లేదంటే మూటాముల్లె సర్దుకోవడమే. కొట్టే పిల్ల బ్యాటు అడ్డం పెట్టి బంతిని కాళ్ల దగ్గర పడేస్తే చాలు, ఈలోగా ఆ పిల్ల పరుగెత్తుకొస్తుంది. కానీ క్యాచర్ సైగలమ్మ చెవి వైపే గుడ్లప్పగించి చూస్తోంది. సైగలన్నీ పసిగట్టేసిందని, ఇక పడేసే ఎత్తు పారదని సైగలమ్మ అనుకుంది. జన్మకొక్కసారి నిజమే అరిచింది.

"గట్టిగా కొట్టవే! దూరంగా కొట్టు!"

ఎదుటివాళ్లు గబగబా వెనక్కి జరిగారు. బ్యాటు పట్టిన పిల్ల బంతిని మెత్తగా కాళ్ల దగ్గర పడేసింది. మూడో బేస్ పిల్ల అప్పటికే సగం దూరం వచ్చేసింది. గెలిచారు.

అందరూ గంతులేస్తుంటే సైగలమ్మ ఆ పిల్ల రెక్క పట్టుకుంది. "కొట్టమన్నానుగా! చెవుల్లో సీసం పోసుకున్నావా?"

"వినపడిందక్కా. నువ్వు అరిచింది ఏనాడు నిజమైంది? అందుకే పడేశా."

"నువ్వూ అంతేనా?" అని పరుగెత్తిన పిల్లను అడిగింది. అది కిసుక్కున నవ్వింది.

సైగలమ్మ తలలు వేలాడేసి పోతున్న ఎదుటి జట్టు వైపు చూసింది. తన మాట నమ్మింది వాళ్లొక్కళ్లే.