డ్రిల్లు మార్కులు

మా బావగారి కూతురు రాధారాణి నాకంటే ఏడాది చిన్న. అయినా నన్ను పిన్నీ అనే పిలుస్తుంది. నేను ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో మానేసి, పెళ్లి చేసుకుని అమెరికాలోని షామ్‌బర్గ్ వచ్చేనాటికి తను అక్కడి హైస్కూల్లో పదకొండో తరగతి చదువుతోంది. నేనూ, నా భర్త కృష్ణమోహన్, ఆయన అన్నగారు భీమశంకర్ గారు, మా తోటికోడలు బాలమణి అక్కయ్య, రాధ, అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం.

రాధ గుంటూరులో పుట్టింది. మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అమెరికా తీసుకొచ్చారట. గుంటూరు తనకి ఏమీ గుర్తులేదు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కూర్చుని చదవడం నేనెప్పుడూ చూడలేదు. తివాచీ మీద బోర్లా పడుకుని, పక్కన రేడియో పెట్టుకుని, కాళ్లు గాల్లో ఊపుతూ లెక్కలు చేసేది. నిద్రొస్తే పుస్తకాన్నే దిండుగా పెట్టుకునేది. మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం. అలా అద్దుకున్న నేను వంటింట్లో ఉన్నాను. దిండుగా పెట్టుకున్న తను అన్ని సెక్షన్లూ కలిపి ఆరువందల మంది ఉన్న క్లాసులో ఫస్టు వచ్చేది.

ఒక్క చదువే అయితే సరిపెట్టుకునేదాన్నేమో. బ్యాండులో క్లారినెట్ వాయించేది. శుక్రవారం సాయంత్రాలు పెద్ద పెద్ద గుండీల కోటు వేసుకుని, ఈక టోపీ పెట్టుకుని బ్యాండుతో ఫుట్‌బాల్ ఆటకి వెళ్లేది. స్కూలు పత్రికలో క్యాంటీన్ పిజ్జా అట్టముక్కలా ఉంటుందని రాసింది. ఎవరూ తిట్టలేదు, పైగా అచ్చేశారు. మా కాలేజీలో కుళాయిలో నీళ్లు రావడం లేదని ఒక పిల్ల పైకి చెబితే వాళ్ల నాన్నని పిలిపించారు.

బావగారికి కూతురి ర్యాంకు ప్రాణం. తెలుగువాళ్లు ఎవరింట్లో కలిసినా మాట అటే తిప్పేవారు. క్లాసులో మొదటి ర్యాంకు వచ్చినవాళ్లు గ్రాడ్యుయేషన్ రోజున వేదికెక్కి ఉపన్యాసం చెయ్యాలి. రాధ పన్నెండో తరగతిలోకి రాగానే, ఆ రోజుకి వీడియో కెమెరా ఎవరి దగ్గర అడిగి తేవాలా అని ఆలోచన మొదలుపెట్టారు.

ఆ శరదృతువులోనే ఒకనాటి భోజనాల దగ్గర రాధ, "డాడీ, కౌన్సెలర్ పిలిచింది. నా జిమ్ గ్రేడ్ ప్రాబ్లమ్ అయింది," అంది.

"జిమ్మంటే?" అన్నారు బావగారు.

"పీఈ. స్విమ్మింగ్ చెయ్యలేదు కదా టెన్త్‌లో. ఇన్‌కంప్లీట్ ఉంది. ఇప్పుడు చెయ్యకపోతే ఎఫ్ అవుతుంది, ఫెయిల్."

"డ్రిల్లు పీరియడా? అయితే కానీ. డ్రిల్లుకి మార్కులెవడు లెక్కేస్తాడే?"

"లెక్కేస్తారు. అన్నీ లెక్కేస్తారు. మ్యాథ్ ఎంతో జిమ్ అంతే."

బావగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన్ని అనడానికి లేదు, నేనూ అలాగే అనుకునేదాన్ని. మా ఊళ్లో డ్రిల్లు మాస్టారు ఈల ఊది మమ్మల్ని ఎండలోకి తోలి, తను వరండాలో కునుకు తీసేవారు. ఆ పీరియడ్‌కి వెళ్లినా వెళ్లకపోయినా ఒకటే. ఇక్కడ స్కూలంతా రోజూ జిమ్‌కి వెళ్లాలి. పదో తరగతిలో కొన్ని వారాలు ఆడా మగా కలిసి ఈత నేర్చుకోవాలి. మోకాళ్లు కాదు తొడలు కనిపించే గుడ్డ వేసుకుని మా పిల్ల మగపిల్లల ముందు నీళ్లల్లో దూకదని అక్కయ్య పట్టుబట్టిందట. వారం వారం జలుబని చీటీ రాసిచ్చారు. చీటీ మీద సంతకం బావగారిది. రిపోర్టు కార్డులో జిమ్ గడి వైపు ఆయన చూడనే లేదు.

"ఎఫ్ వస్తే ఎంతకి పడతావు?" అన్నారు చివరికి.

"టాప్ టెన్‌లో ఉండను. ఆఫ్టర్ స్కూల్ వెళ్లి క్రిస్మస్ లోపల పూర్తి చెయ్యాలి. లాస్ట్ డే టెస్ట్. రెండు లెంగ్త్స్ ఆగకుండా ఈదాలి, పూల్ ఆ చివరికి వెళ్లి మళ్లీ ఈ చివరికి."

"మగపిల్లలుంటారా?" అంది అక్కయ్య.

"ఉండరమ్మా. నేనూ, టీచరూ. అంతే."

"అయినా ఒక్కదానివే వద్దు. పిన్ని వస్తుంది తువ్వాలు పట్టుకుని."

నన్నెవరూ అడగలేదు. నేను పులుసు వడ్డిస్తున్నాను. తల దించుకునే ఉన్నాను గానీ, కడుపులో ఎక్కడో చల్లగా అనిపించింది. తనకి కూడా ఏదో ఒకటి మధ్యలో ఆగిపోవచ్చన్నమాట అనుకున్నాను.

ఆ విధంగా నేను స్కూలుకి వెళ్లడం మొదలైంది. మధ్యాహ్నం వంట గట్టు తుడిచి, చీర మీద కోటు వేసుకుని, చేతిసంచిలో తువ్వాలు పెట్టుకుని నడిచి వెళ్లేదాన్ని. బస్సులన్నీ వెళ్లిపోయాక కూడా స్కూలు ఖాళీ అయ్యేది కాదు. ఒక గదిలో నాటకం ప్రాక్టీసు, ఒక గదిలో చదరంగం, నేల మీద కూర్చుని పోస్టర్లు రాసే పిల్లలు. గోడల పొడుగునా ఇనప అల్మారాలు, ఒక్కొక్కరికి ఒక్కోటి. రాధ దాని తలుపు లోపల అద్దం, బొమ్మలు అంటించుకుంది. ఒక గది నిండా టైపు మిషన్లు, ప్రతిదానికీ ముసుగు. లైబ్రరీలో తివాచీ. కెమిస్ట్రీ లాబులో గాజు సీసాలు దుమ్ము లేకుండా వరసగా ఉండేవి. మా కాలేజీలో లాబు తాళం ప్రిన్సిపాలు దగ్గర ఉండేది. దాన్ని తీసేలోపలే నాకు సంబంధం వచ్చింది. పరీక్షలు ఎప్పుడైనా రాసుకోవచ్చులే అన్నారు ఇంట్లోవాళ్లు.

ఈత కొలను గదిలో వేడిగా, క్లోరిన్ వాసనగా ఉండేది. నేను చెక్క బెంచీ మీద కూర్చునేదాన్ని. టీచరు పేరు మిస్ హాల్వర్సన్. మెడలో ఈల, తెల్ల జోళ్లు. మొదటి రోజున నన్ను చూసి నవ్వి, నువ్వు కూడా సీనియరేనా, పన్నెండో తరగతేనా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల రాధ నీళ్లల్లోంచి, "నో, షీ ఈజ్ మై ఆంట్. షీ ఈజ్ మ్యారీడ్," అని పకపకా నవ్వింది. టీచరు కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

అయితే ఆ మొదటి వారాలు నాకు బాగానే గడిచాయి. రాధకి నీళ్లంటే భయం. లెక్కల్లో క్లాసందర్నీ ఓడించే మనిషి గట్టు పట్టుకుని వదిలేది కాదు. మొహంలో నీళ్లు పడితే చంటిపిల్లలా దగ్గేది. నాకు తెలిసి ఏ పనీ రాని రాధని అంతవరకూ చూడలేదు. బావగారు ఆఫీసు నుంచి వస్తూ మమ్మల్ని కార్లో ఎక్కించుకునేవారు. రోజూ ఒకే ప్రశ్న.

"ఎంతవరకు వచ్చింది?"

"ట్రై చేస్తున్నా, డాడీ."

"ట్రై కాదు. ఫస్టు పోతే నేను తలెత్తుకోలేను."

నేను వెనక సీట్లో తడి తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తుండేదాన్ని.

థాంక్స్‌గివింగ్ పండగ దాటాక, నవంబరు చివర్లో ఒకరోజు టీచరు రాధ వీపు కింద చెయ్యి పెట్టి, మెల్లగా తీసేసింది. రాధ వెల్లకిలా తేలుతూ ఉండిపోయింది. చెవులు నీళ్లల్లో ఉన్నాయి. కప్పు వైపు చూస్తూ నవ్వింది. ఎవరికోసమూ నవ్విన నవ్వు కాదది. ర్యాంకు వచ్చినప్పుడు కూడా అలా నవ్వగా చూడలేదు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. తేలడం కూడా వచ్చేసింది ఈ పిల్లకి అనుకున్నాను.

పరీక్ష రోజున బయట మంచు పడుతోంది. మొదటి లెంగ్త్ బాగానే ఈదింది. తిరిగి వచ్చేటప్పుడు సగంలో వేగం తగ్గింది. చేతులు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. మిస్ హాల్వర్సన్ పొడుగాటి కర్ర పట్టుకుని పక్కనే నడుస్తోంది గానీ అందించలేదు. కర్ర పట్టుకుంటే పరీక్ష పోయినట్టే. రాధ దాని వైపు ఒకసారి చూసింది. నేను బెంచీ మీంచి లేచి నిలబడ్డాను. పట్టుకో అని నా మనసులో స్పష్టంగా వినిపించింది. పట్టుకోలేదు. తల నీళ్లల్లో దించి, కాళ్లు కొట్టుకుంటూ గట్టుకి వచ్చింది.

టీచరు చప్పట్లు కొట్టి, రాధని పైకి లాగి, చెప్పవలసిన రెండో మాట కూడా చెప్పింది. ఆలస్యంగా పూర్తి చేసినవాళ్లకి సి కంటే ఎక్కువ ఇవ్వడానికి రూలు లేదు.

కారెక్కగానే బావగారు, "అయిందా? ఫస్టు నిలబడ్డట్టేనా?" అన్నారు.

"పాస్ అయ్యాను. కానీ లేట్ కదా, సి ఇస్తారు. ఫోర్త్ వస్తానేమో. ఫిఫ్త్."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. బావగారు, "రేపు నేనొచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను," అన్నారు.

"వద్దు, డాడీ. ఏం చెప్తారు? నాకు జలుబు లేదు. నోట్స్ రాసింది మీరు."

ఆయన అద్దంలోంచి రాధ వైపు చూశారు. ఆ పిల్లని కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రాధ ముందుకి వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఐ కెన్ స్విమ్, డాడీ. రియల్లీ. మీరు వచ్చి చూడండి ఒకసారి," అంది.

ఇంటికి వచ్చాక విషయం విని అక్కయ్య గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బావగారు టీవీ ముందు కూర్చున్నారు గానీ టీవీ పెట్టలేదు. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే, ఎవరికేమైందని నన్ను సైగతో అడిగారు. రాధ తడి జుట్టుతోనే వంటింట్లోకి వచ్చి కంచం తీసుకుంది.

"పిన్నీ, ఏం కూర? చచ్చేంత ఆకలి."

వడ్డించాను. ఆవురావురుమని తింటోంది. చదువు ఆపినప్పుడు నేను ఎన్నాళ్లు అన్నం సరిగ్గా తినలేదో అమ్మకి తెలుసు. నాకు పోయింది ఏ ర్యాంకూ కాదు, ఊరికే క్లాసులో కూర్చునే చోటు. ఈ పిల్ల ఆరువందల మందిలో ఫస్టు పోగొట్టుకుని, వంకాయ కూర బాగుందంటోంది. ఫస్టు వచ్చినందుకు ఇన్నాళ్లూ తన మీద కుళ్లుకున్నాను. అది పోతే నా బాధ కూడా కొంచెం తగ్గుతుందనుకున్నాను. పోయినా పోనట్టే కూర్చుని తినగలిగే ధైర్యం ఉందే, దాన్ని చూస్తే మునుపటికంటే ఎక్కువ మండింది.

"జనవరిలో అమ్మాయిలకి ఓపెన్ స్విమ్ ఉంది, మార్కుల్లేవు, ఊరికే ఈదడమే. జాయిన్ అవుతున్నా," అంది నోటినిండా అన్నంతో. "నువ్వు రానక్కర్లేదు, పిన్నీ. పాపం, రోజూ బోర్ కొట్టుంటుంది."

"బోరేం లేదు," అన్నాను.

తనకి వినపడలేదనుకుంటాను. పప్పు గిన్నె వైపు చెయ్యి చాపింది. గిన్నె తన దగ్గరికి జరిపాను.