మూడో పిలుపు

మా పక్కింటి పెద్దనాయన మొన్న మంగళవారం పొద్దున కన్నుమూశారు. మిర్యాలగూడ కోర్టులో ముప్ఫయ్యేళ్లు బంట్రోతు. వాయిదాకొచ్చినవాళ్ల పేర్లు గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలవడం ఆయన పని. మూడో పిలుపుకీ పలక్కపోతే ఎక్స్‌పార్టీ. అది లాటిన్ మాటట. రాని మనిషిని పక్కనపెట్టి, వచ్చినవాడి మాటే విని తీర్పు చెప్పడమని అర్థం. "రానోడికి నోరు లేనట్టే లెక్క" అని విడమరిచేవారు పెద్దనాయన.

ఆ మాటను కోర్టులోనే వదిలేసి వస్తే మేం బతికిపోయేవాళ్లం. ఇంటిక్కూడా తెచ్చేవారు. అన్నానికి మూడు పిలుపులు. రాకపోతే ఎక్స్‌పార్టీ, మామిడికాయ పప్పు ఖతం! కూతురి పెళ్లిచూపులకు హుజూర్‌నగర్ వాళ్లు గంట ఆలస్యం చేస్తే, వాకిట్లో నిలబడి పెళ్లికొడుకు పేరు మూడుసార్లు పిలిచి, ఉప్మా మాకు పంచేశారు. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఇది ఇల్లా, కచేరినా? నీతోని సస్తున్న!"

"సరైన కారణం సూపిస్తే ఎక్స్‌పార్టీ కొట్టేస్తరే. రాసుకొని రమ్మను."

పాపం, ఆ అబ్బాయి బస్సు టైరు పంక్చరైందని నిజంగానే కాగితమ్మీద రాసిచ్చాడు. ఇప్పుడతనే ఆ ఇంటి అల్లుడు.

ఇంత ఖచ్చితమైన మనిషి కోర్టులో ఏంచేస్తారో మా అమ్మ కేసప్పుడు చూశాను. మాకున్న రెండెకరాల మీద దాయాదులు దావా వేశారు. ఆరోజు అమ్మ సూర్యాపేట నుంచి రావాలి. బస్సు జాడలేదు. రెండు పిలుపులైపోయాయి. మూడోది ఎత్తుకున్నారు చూడండి! అమ్మ ఇంటిపేరు పట్టుకుని రాగం తీశారు. దగ్గారు. తలపాగా సర్దుకున్నారు. మళ్లీ మొదటికొచ్చారు.

"ఏమయ్యా, పిలుస్తున్నావా, పాడుతున్నావా?" అన్నారు లోపల్నుంచి జడ్జిగారు.

"గొంతు పట్టుకున్నది సార్. అయిపోతది."

చివరి అక్షరం పడేలోపు అమ్మ చెప్పులు చేతబట్టుకుని మెట్లెక్కింది. ఇవాళ్టికీ ఆ పొలం గింజలే తింటున్నాం.

శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించాం. లేస్తారేమోనన్న ఆశతో పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తాం కదా. పెద్దకొడుకు వంగి "నాయినా" అన్నాడు. మళ్లీ "నాయినా" అన్నాడు. మూడోసారికి నోరు తెరవబోతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"అన్నా, జర సాగదియ్యే" అన్నాను.

అతను నావైపు చూశాడు. దగ్గాడు. తడి కండువా సర్దుకున్నాడు. "నా... యి..." అని రాగం తీస్తుంటే, బస్సు దిగి ఎవరో పరుగెత్తుకొస్తారన్నట్టు, మేమంతా పెద్దనాయన మొహం వైపే చూస్తూ నిలబడ్డాం.