చప్పుడు ఆగితే

కడుపుతో ఉండగా నాకు షుగరొచ్చింది. పూతరేకులు సరే, మామిడిపండు ముక్క కూడా ముట్టనివ్వడం లేదని ఇంట్లో అందరి మీదా విసుక్కునేదాన్ని. బొడ్డుతాడులోంచి బిడ్డకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూడాలని డాప్లర్ స్కాన్ రాశారు. ఆకివీడు నుంచి ఏలూరు వెళ్లాం.

మిషన్లోంచి నీళ్లు చిలుకుతున్నట్టు చప్పుడొచ్చింది.

"అచ్చం మన ఏరేటర్‌లా ఉందే!" అని మా ఆయన మురిసిపోయారు. మాది రొయ్యల చెరువు. ఏరేటర్ చక్రాలు ఆగితే గాలందక రొయ్యలు చచ్చిపోతాయి. ఆ చప్పుడు ఆగిందంటే అన్నం ముందునుంచైనా లేచి పరిగెత్తే మనిషాయన.

ఉన్నట్టుండి గదిలో చప్పుడు ఆగింది. ఆయన కుర్చీ తన్నేసి లేచారు.

"ఆగిపోయిందండీ! జనరేటర్ వెయ్యమనండి!"

లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"సౌండ్ నేనే ఆపానండీ. బిడ్డ బాగానే ఉంది," అని డాక్టరమ్మ నవ్వింది. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. ఆకివీడు చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆ బిడ్డ ఇప్పుడు తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తుంది. మొన్న ఆదివారం ఫోన్ మోగలేదు.

ఈసారి కుర్చీ తన్నేసి లేచింది నేను.