ఉతికి తెచ్చిన చొక్కా

నా చిన్నప్పుడు చిత్తూరులో మా తాతయ్య ఇంటి ముందుగదే ఆయన ఆఫీసు. ఆయన ప్లీడరు. పోలీసులు కొట్టిన మనుషుల కేసులు ఎవరూ ముట్టుకోకపోతే చివరికి ఆయన దగ్గరికి వచ్చేవి. ఆ ఇంటికి చుట్టాల కంటే పోలీసు జీపులే ఎక్కువ వస్తాయని అమ్మమ్మ దెప్పేది. డెబ్బైల చివరి మాట. నాకు తొమ్మిదేళ్లు. సెలవుల్లో ఆ గది మూలన చాప మీద కూర్చునేదాన్ని. లేచి పొమ్మని ఆయనా అనలేదు, పోవాలని నాకూ తోచలేదు.

ఒక పొద్దున కార్వేటినగరం వైపు నుంచి మొదటి బస్సుకు భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఎవరి బావి దగ్గరో మోటారు పోయిందని, అనుమానం మీద అతన్ని స్టేషనులో మూడు రోజులు ఉంచుకున్నారట. కేసేమీ రాయకుండా వదిలేస్తూ, మళ్లీ పిలుస్తామన్నారట. ఆ రెండోసారికి భయపడే వచ్చారు. ఏం జరిగిందని తాతయ్య అడిగితే అతను నేల చూస్తూ "జారి పడినా సామీ" అన్నాడు. తలకు నూనె, ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. పెళ్లికి బయల్దేరిన మనిషిలా ఉన్నాడు.

స్టేషను నుంచి వచ్చిన రోజు తొడుక్కున్న చొక్కా ఏదని తాతయ్య అడిగాడు. ఇదేనంది భార్య. నెత్తురు మరకలు పోయేదాకా ఉతికిందట. పది రోజులు ఉప్పు కాపడం పెట్టి, పసుపు రాసి, అతని కాళ్లు నేలకు ఆనేదాకా ఆగి తీసుకొచ్చిందట.

"ప్లీడరయ్య ఇంటికి ఆ మురికి గుడ్డల్తో యెట్టా తెచ్చేది సామీ?" అంది.

కోర్టుకు చూపించాల్సినవన్నీ ఆమె శుభ్రంగా కడిగేసింది. ఇక డాక్టరు చూసినా రాయడానికి ఏమీ మిగల్లేదు. ఆ సంగతి నాకు కూడా అర్థమైంది. కసురుకుంటాడేమోనని తాతయ్య వైపు చూశాను. ఆయన కుర్చీని ఆమె వైపు తిప్పుకున్నాడు.

"నీ తప్పేం లేదమ్మా. నీళ్లు పోసింది నువ్వే గదా? నీ చెయ్యి యాడ తగిలితే ఉలిక్కిపడినాడో అది చెప్పు, చాలు."

ఆమె చెప్పింది. మొగుణ్ని ముట్టుకోకుండా, తన ఒంటి మీదే చూపిస్తూ, అరికాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి చెప్పుకుంటూ వచ్చింది. తాతయ్య ఒక్క మాట మార్చకుండా రాసుకున్నాడు. తొడల దగ్గరికి వచ్చేసరికి అతనే తలెత్తకుండా "ఆడ లాఠీ గాదు, రోకలి" అని సరిదిద్దాడు. అంతవరకూ జారిపడ్డానన్న మనిషి. నాకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. మొద్దుబారిపోయి వింటూ ఉన్నాను. అమ్మమ్మ పిలిస్తే వెళ్లి సంగటి తిని వచ్చాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

కేసు నిలబడలేదు. మొగుడూ పెళ్లాల నోటిమాట ఒక్కటే చాలదన్నారు. ఫిర్యాదు కోర్టు కాగితాల్లోకి ఎక్కినందుకో ఏమో, స్టేషను వాళ్లు మాత్రం అతన్ని మళ్లీ పిలవలేదు.

పెద్దయ్యాక నేనూ ఆ పనిలోనే పడ్డాను. దెబ్బలు తిన్న మనిషిని ఎవరైనా తీసుకొస్తే ముందు అతన్ని ఏమీ అడగను. ఇంటికి వచ్చినాక నీళ్లెవరు పోశారని అడుగుతాను. తల్లో, భార్యో తలెత్తుతుంది. చెబుతూ చెబుతూ ఏడుస్తుంది. ఆనాడు రాని ఏడుపు నాకు ఇన్నేళ్లయినా రాలేదు. రాసుకుంటూ పోతాను. తాతయ్యకూ ఇట్లాగే ఉండేదా అని అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్న నాకు తోచేనాటికి ఆయన లేడు.