దీవి మీద చెప్పిన అబద్ధం

ఓడ దిగి దీవిలో నేనేం చేశానో మా బంధువులందరికీ చాలాసార్లు చెప్పాను. అద్దం అడుగున్న పడవలో పోయానని, నీళ్లలో తల ముంచి రంగురంగుల చేపలు చూశానని. అవేవీ నేను చేయలేదు. అసలు జరిగింది ఇది.

కల్వకుర్తిలో మాకు ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. బోర్డు మీద నా పేరున్నా దుకాణం నడిపేది నా భార్య. రైతు పత్తి ఆకు తెచ్చి చూపిస్తే అది దోమో తెగులో తేల్చి చెప్పి, ఆ తర్వాతే మందు డబ్బా తీస్తుంది. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, ఒక వానాకాలం, మందుల కంపెనీ పెట్టిన టార్గెట్ మేము దాటాం. డీలర్లను ఓడెక్కించి ఒక దీవికి తీసుకెళ్తామన్నారు. కాగితంలో స్పష్టంగా భార్యాభర్తలిద్దరికీ అని ఉంది.

ఇంటికొచ్చి, "ఆడోళ్లకు లేదట, డీలర్లకేనట" అన్నాను.

"గట్లనా? పోయిరా మరి. ఆడ సలి ఉంటదా? సెట్టర్ పెట్టాల్నా?" అంది.

కారణం చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. అంతకుముందు ఏడాది హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో డీలర్లకు విందు ఇచ్చారు. అక్కడ ఆమె చెంచా పక్కన పెట్టి, చేత్తో అన్నం కలుపుకొని, "అన్నా, జర పచ్చిపులుసు లేదా?" అని హాలంతా వినబడేటట్టు అడిగింది. ఎవరూ నవ్వలేదు. వడ్డించేవాడు లోపలికి పోయి వెతికి కూడా వచ్చాడు. సిగ్గుపడింది నేనొక్కణ్నే.

కొచ్చిలో ఓడెక్కాక చూస్తే మా జిల్లాల డీలర్లంతా భార్యలతో వచ్చారు. నా గదిలో రెండు దిండ్లు, రెండు తువ్వాళ్లు, రెండు జతల చెప్పులు పెట్టి ఉన్నాయి. ఒక జత అట్లాగే ఉండిపోయింది.

రెండో రోజు పొద్దున దీవి వచ్చింది. ఓడ దూరంగా ఆగితే చిన్న పడవలొచ్చి మమ్మల్ని ఒడ్డుకు చేర్చాయి. అక్కడ ఏమేం చేయొచ్చో ఒక కాగితం చేతికిచ్చారు. తెడ్డు వేసుకుంటూ పడవ నడపొచ్చు, పగడాలు చూడొచ్చు, లైటుహౌసు ఎక్కొచ్చు. సాయంత్రం నాలుగు గంటలకు ఆఖరి పడవ. నేను ముందు తెడ్డు పడవల దగ్గరికి పోయాను. పడవాయన రెండు వేళ్లు చూపించి నా వెనక్కి చూశాడు. నేను ఒక వేలు చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి, నా వెనకున్న జంటను రమ్మన్నాడు.

పక్కనే మిర్యాలగూడ డీలరు భార్య చీర పైకి చెక్కుకొని మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది.

"అబ్బ, ఉప్పో ఉప్పు! గీ నీళ్లు వెడితే మన వరి ఒక్క మడి బతుకది!" అని అరిచింది.

"నోట్లె ఎందుకు వోసుకున్నవే?" అన్నాడు ఒడ్డు మీద ఆమె భర్త.

"గింత దూరమొచ్చి రుచి సూడకుంట పోవాల్నా?"

కంపెనీ ఆఫీసర్లతో సహా అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా, గర్వంగా నవ్వింది ఆమె భర్త. నా భార్య ఉంటే ఆ నీళ్లలో ఆమె పక్కనే నిలబడి ఉండేది.

"ఏం తమ్మీ, ఒక్కనివే తిరుగుతున్నవ్? మా మరదలేది?" అని ఆమె నన్నడిగింది.

"మోకాళ్ల నొప్పులక్కా. రాలేకపోయింది."

"అయ్యో! మా దిక్కు మంచి నూనె దొరుకుతది. నీ నంబరియ్యి, పంపుత."

ఇచ్చాను. ఇంకా ఏమైనా అడుగుతుందేమోనని ఊళ్లోకి నడిచాను. ఇసుక దారులు, కొబ్బరి చెట్ల మధ్య చిన్న ఇళ్లు. ఒక ఇంటి ముందు మేకను కట్టేశారు. నా భార్య పుట్టిల్లు గొర్లు మేకలు మేపే ఇల్లు. ఆమె అయితే పొదుగు తడిమి, మేక నోరు తెరిచి పండ్లు చూసి, భాష రాకపోయినా ఆ ఇంటావిడతో గంటసేపు ముచ్చట పెట్టేది. నాకు ఏం చేయాలో తోచక కాసేపు నిలబడ్డాను. ఇంటావిడ బయటికొచ్చి, నావైపు అనుమానంగా చూసి, మేకను లోపలికి తీసుకుపోయింది. లైటుహౌసు మెట్లు సగం ఎక్కి దిగిపోయాను. మధ్యాహ్నం మొదటి పడవ పట్టుకొని ఓడకు తిరిగొచ్చేశాను.

ఇంటికొచ్చాక ఇతరులు చేసినవన్నీ నేను చేసినట్టే చెప్పాను. ఆమె పని ఆపుకొని మరీ విన్నది. "నీళ్లల్ల తల వెడితే దమ్ము ఆడిందా?" అని అడిగింది.

పది రోజులకు, నేను అన్నం తింటుండగా నా ఫోన్ మోగింది. చేయి ఎంగిలని ఆమే ఎత్తి స్పీకర్ పెట్టింది.

"ఎవలు, మరదలా? నేను మిర్యాలగూడ అక్కను. మోకాళ్లు ఎట్లున్నయి బిడ్డా? మేమంత జంటలు జంటలు తిరిగినం, మీ ఆయన ఒక్కడే తిరిగిండు పాపం."

ఆమె నావైపు చూసింది. రెప్పపాటు కూడా ఆగలేదు.

"ఇప్పుడు జర నయమే అక్కా. మెట్లెక్కితేనే నొస్తున్నయి" అంది.

నూనె ఎట్లా రాయాలో అంతా విని, ఫోన్ పెట్టేసి, "కూరెయ్యాల్నా?" అని గిన్నె పట్టుకొని నిలబడింది. నేను తల వంచుకొని ఊ అన్నాను. అంతే.

ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎవరైనా ఓడ సంగతెత్తితే, "ఆడోళ్లకు లేకుండె" అని ఆమే ముందు చెప్పేది. మిర్యాలగూడ అక్క ఫోన్ చేస్తే మోకాళ్ల గురించి చెప్పేది. ఒక్కసారి కూడా తడబడలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ అప్పటి నుంచి, నేను ఎక్కడికి పోయొచ్చినా ఏం చూశావని అడగడం మానేసింది. నేనే చెబితే విని ఊరుకునేది.

నిరుడు జడ్చర్లలో ఆమె అన్న కొత్త ఇంట్లోకి దిగుతుంటే పోయాం. భోజనాల దగ్గర వాళ్ల వదిన ఓడ మాటెత్తింది. నా భార్య ఎప్పటిలాగే మొదలుపెట్టింది. నాకేమైందో, "అబద్ధం. ఇద్దరికీ ఉండె. నేనే తీస్కపోలే" అన్నాను.

బరువు దిగుతుందనుకున్నాను. వాళ్ల వదిన నావైపు చూడనే లేదు. నా భార్యను జాలిగా చూసింది. ఆ చూపు వస్తుందని నేను అనుకోలేదు.

తిరుగు దారిలో కారు నేనే నడుపుతున్నాను. ఊరు దగ్గరపడుతుండగా ఆమె అడిగింది.

"గిన్నేండ్లు నేను గట్లెందుకు జెప్పిననుకున్నవ్? నీ ఇజ్జత్ కోసమా? మొగడు నన్ను జూసి సిగ్గువడి ఇడిసిపెట్టి పోయిండని మావోళ్లకు తెల్వొద్దని చెప్పుకున్న."

"నిజం చెప్పాలనిపించింది."

"చెప్తే నాకు చెప్పాలె. గా ఫోనొచ్చిన నాడు చెప్పాలె. చెప్తవని సూసిన."

కారు ఆపి అప్పుడే చెప్పడం మొదలుపెట్టాను. హోటల్ విందు, ఓడలో గది, తెడ్డు పడవ, మేక, అన్నీ. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది.

"ఇప్పుడు నేను దీన్నేం జేసుకోవాలె?" అంది. "పోనియ్యి, దుకాణం తెరవాలె."

అప్పటి నుంచి ఆమె తన పుట్టింటి వేడుకలకు రావడం మానేసింది. మొన్న వాళ్ల అన్న మనవరాలి పుట్టువెంట్రుకలకు నేనొక్కణ్నే పోయాను. వాళ్ల వదిన వడ్డిస్తూ నా విస్తరి ముందు నిలబడి, "మా ఆడబిడ్డ రాలే?" అని అడిగింది. పనుందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"రానన్నది అక్కా. నావల్లనే" అన్నాను.

ఆమె కొంచెం అన్నం పెట్టి, పక్క విస్తరికి జరిగింది.