తలుపు అడిగిన పేరు

మా నెహ్రూ నగర్ వినాయక పందిరిని ఆ ఏడు పిరమిడ్ ఆకారంలో కట్టాలని కమిటీ వాళ్ళు తీర్మానించేనాటికి, ఈజిప్టు గురించి నాకు తెలిసిందల్లా అక్కడ ఇసుక ఎక్కువని, ఒంటెలుంటాయని. అయినా పని ఒప్పుకున్నాను. నాది టెంట్ హౌస్. వెదురూ గుడ్డా మేకులూ ఉంటే ఎర్రకోటనైనా తెల్లారేసరికి నిలబెడతాను. గాలొస్తే పడిపోతుంది, అది వేరే సంగతి.

పందిరి లేచేలోపు ఫోన్లో వీడియోలు చూసి కొంత నేర్చుకున్నాను. మిగతాది కల్పించుకున్నాను. చీరల దుకాణంలో బొమ్మనొకదాన్ని అడిగి తెచ్చి, పాత గుడ్డపేలికలు టీ డికాక్షన్‌లో ముంచి, ఆరబెట్టి దాని ఒళ్ళంతా చుట్టాను. అదే మా మమ్మీ. గుడ్డలు చాలకపోతే మా అక్క మేడమీంచి బావ పాత పంచెలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఉంచుకోవచ్చు కదా అంటే, పెట్టెలో ఉండి మాత్రం ఏం చేస్తాయి అంది.

బావ పోయి అప్పటికి ఏడాది నిండలేదు. వాళ్ళకి పిల్లల్లేరు. కాపురానికొచ్చిన కొత్తల్లోనే బావకి స్టీలు ప్లాంటువాళ్ళు ఇచ్చిన సెక్టర్ 7 క్వార్టర్‌ని ఖాళీ చేసి, అక్క మా మేడమీది గదిలోకి వచ్చింది. వంటింట్లోకి వచ్చి కూరలు తరిగేది, మా ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడేది, మళ్ళీ పైకి వెళ్ళిపోయేది. బలవంతం మీద ఒక సాయంత్రం పందిరికి తీసుకెళ్ళాను. ఏటిసూతకం కదా, దేవుడి ముందుకి రాకుండా మమ్మీ పక్కన, జనానికి అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని నిలబడింది.

మైకు నా చేతిలో ఉంది. అబద్ధాలాడినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఎక్కడా దొరక్క నేను ఆ పని ఉచితంగానే చేస్తుంటాను. రాజు పోగానే ఉప్పులో ఊరబెట్టి మన భీమిలి ఎండుచేపలా ఆరబెట్టేవాళ్ళనీ, కాలేయమూ ఊపిరితిత్తులూ జాడీల్లో దాచి, మెదడు మాత్రం ఎందుకూ పనికిరాదని పారేసేవాళ్ళనీ, గుండెని మాత్రం ఉన్నచోటే ఉంచేవాళ్ళనీ తెలుగులోనూ, ఇక్కడి జనం కోసం హిందీలోనూ చెప్పాను. ఇదంతా నిజమే. తర్వాత నా సొంతం మొదలైంది. ఈ మమ్మీ ఓడలో విశాఖపట్నం రేవుకొచ్చి, అక్కణ్ణుంచి గూడ్సుబండిలో మన పక్కనున్న దుర్గ్ చేరిందనీ, దుర్గ్‌లో టీసీ దాన్ని తట్టి లేపి టికెట్ అడిగాడనీ చెప్పాను. జనం నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం చెప్పులు విడిచి, మమ్మీకి దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు.

ఆ ఊపులో తలుపుల కథ ఎత్తుకున్నాను. పోయిన మనిషి చీకట్లో నడుస్తూ పోతాడు. దారి పొడుగునా తలుపులుంటాయి. ఒక్కో తలుపూ పేరు అడుగుతుంది. భూమ్మీద ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు అతని పేరు పైకి పలుకుతూ ఉండాలి. పలికేవాళ్ళు లేకపోతే ఆ మనిషి రెండోసారి చచ్చినట్టే. అందుకే పగబట్టిన రాజులు శత్రువులు పోయాక కూడా ఊరుకోక, రాళ్ళమీది వాళ్ళ పేర్లు ఉలితో గీకించేసేవాళ్ళు.

చెప్పి పక్కకి చూస్తే అక్క లేదు. ఇంటికి నడిచి వెళ్ళిపోయిందట.

మర్నాడు నేను పెరట్లో తాళ్ళు చుడుతుంటే వచ్చి గట్టుమీద కూచుంది.

“ఒరే, ఆ తలుపుల సంగతి నిజవేనా?”

“ఏ తలుపులక్కా?”

“పేరడిగే తలుపులు.”

నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాను.

“నానెప్పుడూ ఆయన పేరు పలకనేదురా,” అంది.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ఏమండీ అంటారు, మీ బావ అంటారు, ఎవరైనా పేరు అడిగితే పక్కనున్నవాళ్ళ వైపు చూస్తారు. బావని ఆఖరిసారి ఆస్పత్రిలో చేర్చినప్పుడు నర్సు పేషెంటు పేరు అడిగితే అక్క నావైపే చూసింది, నేనే చెప్పాను. నాకాయన బావ. ప్లాంటులో జనానికి టైమాఫీసు బాబు. వీధిలో పిల్లలకి దాదాజీ. పేరుపెట్టి పిలిచే వాళ్ళమ్మా, వాళ్ళక్కా ఎప్పుడో పోయారు.

పెళ్ళిలో పలికే ఉంటావు కదా అన్నాను. దుర్గ్‌లో బావ వాళ్ళక్క రైల్వే క్వార్టర్‌కి కొత్త జంటని తీసుకెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తానంది ఆ వదినగారు. అక్క చెప్పలేదట. నేను అప్పుడు అరిసెల పళ్ళెం దగ్గర ఉన్నాను, చూడలేదు.

“ఏడుపొచ్చేసింది. పోన్లే పాపం, మరోసారి సెప్పిద్దాం అని ఆవిడే సెయ్యి తీసేసింది. ఆ మరోసారి మరి రానేదు. ఆయనెన్నిసార్లు అడిగీవోరో. ఒక్కసారి అనవే, ఎవులూ నేరు కదా అని. నాను నవ్వీసి ఎల్లిపోయేదాన్ని.”

నేను వెంటనే పనిలోకి దిగాను. ఈజిప్టులో రాణులకి ఆ నియమం లేదన్నాను. పెళ్ళాం ఉన్న మగాడికి వేరే దొడ్డిదారి ఉంటుందన్నాను. అక్కడ నక్క మొహం కాపలావాడు ఉంటాడనీ, పేరూ గీరూ అడగడనీ, ఆ మనిషి ఇంట్లో తిన్న తిండి వాసన చూసి పంపించేస్తాడనీ, చేపల పులుసు వాసనంటే వాడికి మరీ ఇష్టమనీ చెప్పాను. వాడి నడుముకి వేలాడే తాళంచెవుల గుత్తి గురించి చెబుతుండగా అక్క చెయ్యెత్తి ఆపింది.

“నువ్వు అబద్ధవాడితే ఇలాగే వొర్ణిస్తావురా, సిన్నప్పట్నుంచీ. నిజవైతే గబగబా సెప్పీసి ఊరుకుంటావు. నిన్న ఆ తలుపుల మాట గబగబానే సెప్పేవు.”

నేను మళ్ళీ తాళ్ళు చుట్టడంలో పడ్డాను.

రాత్రంతా గదిలో ప్రయత్నించిందట. పెదాలు కదిలాయి కానీ మాట బయటికి రాలేదట. అసలు ఇక్కడ పలికి లాభమేమిటని కూడా అనిపించిందట. “ఆయనకి నీ మేడ తెలీదు కదరా. వొస్తే ఆ ఇంటికే వొస్తారు. అక్కడికి తీసుకెళ్ళు.”

స్కూటర్ మీద సెక్టర్ 7కి వెళ్ళాం. వద్దని ఒక్కసారి కూడా అనలేదు నేను. దారిలో అక్క నా భుజమ్మీద చెయ్యి వేసి ఉంచింది. వెనక పెదాలు కదులుతున్నాయేమో, చూడలేదు. క్వార్టర్ గేటు స్తంభానికి కొత్తగా సున్నం కొట్టారు. బావ పేరు రాసిన చోట ఎవరిదో వేరే పేరు, నీలం రంగులో ఉంది. దాని కింద పాత అక్షరాలు కనిపిస్తాయేమోనని వంగి చూశాను. బాగా గీకి మరీ సున్నం వేసినట్టున్నారు, ఏమీ కనపడలేదు.

గేటు చప్పుడుకి ఒక అమ్మాయి బయటికి వచ్చింది. పెళ్ళయి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. చేతులకి గోధుమపిండి అంటుకుని ఉంది. తలుపు సగం తెరిచి పట్టుకుని, ఎవరికోసం వచ్చారని అడిగింది.

“కిస్‌సే మిల్నా హై, ఆంటీ?”

అక్క ఆ తలుపునే చూస్తోంది. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. నా దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. పిల్లి తప్పిపోయిందనొచ్చు, ఇల్లు వెతుక్కుంటున్నామనొచ్చు. నేను నోరు తెరవబోతుంటే అక్క నా ముంజెయ్యి పట్టుకుంది. ఆ పట్టు బిగిసింది. అప్పుడు పలికింది. ఇంటిపేరుతో సహా, చివర గారు అని కలిపి, బడిలో హాజరు చెప్పే పిల్లలా నిటారుగా నిలబడి పలికింది.

ఆ అమ్మాయి మంచిది. తెలీదని తలుపు వేసెయ్యలేదు. ఒక్క నిమిషం ఉండమని లోపలికి తిరిగి, ఆ పేరు గట్టిగా పిలిచి అడిగింది, అలాంటివాళ్ళు ఇక్కడెవరైనా ఉంటారా అని. బావ పేరు ఆ ఇంట్లోకి వెళ్ళింది. ముందుగదిలోంచి వంటింటిదాకా వినపడేంత గట్టిగా వెళ్ళింది. అక్క మెడ ముందుకి చాపి, గుమ్మంలోంచి లోపలికి చూస్తూ నిలబడింది. ఆ నాలుగు క్షణాలు ఆమె మొహం ఎలా ఉందో చెప్పడానికి నాకు చేతకాదు. కథ కట్టినా కుదరదు.

లోపల్నుంచి ఎవరో మగగొంతు, “నహీఁ,” అంది.

ఆ పేరుగలవాళ్ళెవరూ లేరనీ, పక్క వీధిలో కనుక్కోమనీ, మంచినీళ్ళు తాగి వెళ్ళమనీ అంది ఆ అమ్మాయి. వద్దు తల్లీ అని తెలుగులోనే అంది అక్క. ఆమెకి అర్థమైందో లేదో, తల ఊపింది.

స్కూటర్ మెయిన్ రోడ్డెక్కింది. అక్క నా చెవి దగ్గరికి వంగి, “లేరంటరా,” అంది.

కాసేపటికి నా చొక్కా వీపు దగ్గర తడిసింది. బావ పోయినప్పట్నుంచీ అక్క ఏడవడం నేను చూడలేదు. వెక్కిళ్ళకి బండి ఊగుతోంది. పక్కనుంచి లారీలు పోతున్నాయి. మా ఇంటి సందు వచ్చినా తిప్పకుండా ముందుకి పోనిచ్చాను. ఆపితే ఏదో ఒకటి చెప్పాలి.